పార్లమెంటు మానుకుని వచ్చిన పెళ్ళి

మా ఆయన ఎంపీగా ఉన్న రోజుల్లో మా ఇంటి హాల్లో అర్జీల కంటే శుభలేఖలే ఎక్కువ ఉండేవి. టీపాయ్ మీద, టీవీ మీద, ఫ్రిజ్ మీద, చివరికి దేవుడి గూట్లో కూడా మూలలకు పసుపు పూసిన శుభలేఖలే. మాఘమాసం వస్తోందంటే నాకు గుండె దడగా ఉండేది. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, పంచెల ఫంక్షన్లు, ఎరువుల షాపు ఓపెనింగులు, అన్నిటికీ ఎంపీగారు రావాల్సిందే. రాకపోతే మా గోదావరి జిల్లాల్లో ఊరుకోరు. "మా అమ్మాయి పెళ్ళికి రాలేదండి, మా ఎదురింటివాళ్ళ పెళ్ళికి మాత్రం వెళ్ళారండి" అని ఎన్నేళ్ళైనా గుర్తు పెట్టుకుని, నవ్వుతూనే దెప్పుతారు. రోడ్డు వేయించలేదని అంత కాలం గుర్తు పెట్టుకున్నవాళ్ళను నేను చూడలేదు.

నాకు కోపం ఎక్కువని మావాళ్ళంతా అంటారు. నిజమే, ఎక్కువే. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది, దాచుకోను. నేను అప్పట్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పార్లమెంటు అంటే ఏమిటి, అక్కడ సభ్యులు ఏం చేస్తారు అని తొమ్మిదో తరగతి పిల్లలకు సుద్దముక్క పట్టుకుని చెప్పేదాన్ని. ఇంటికొచ్చేసరికి ఆ సభ్యుడు ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కా వేసుకుని, ఈ పూట ఏ ఊళ్ళో అక్షింతలు వేయాలో డ్రైవరుతో మాట్లాడుకుంటూ కనబడేవాడు.

ఆయనది ప్రతిపక్షం. అటు ఢిల్లీలోనూ ఇటు రాష్ట్రంలోనూ వాళ్ళ పార్టీ ఓడిపోయింది, ఈయన మాత్రం గెలిచాడు. ప్రతిపక్షం ఎంపీకి ఆఫీసుల్లో ఏం జరుగుతుందో దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను. కుర్చీ వేస్తారు. ఫ్యాను ఆయన వైపు తిప్పుతారు. కాఫీ తెప్పిస్తారు. "తప్పకుండా చూస్తామండి" అంటారు. ఆ కాగితం అక్కడే పడి ఉంటుంది. ఇక ఆయన చేతిలో మిగిలేవి రెండే పనులు, ఢిల్లీలో ప్రశ్న అడగడం, ఊళ్ళో అక్షింతలు వేయడం.

ఆయన చెడ్డమనిషి కాదు. ప్లీడరీ మొదలుపెట్టినప్పటినుంచి కూలీల తరఫున పోలీసు స్టేషను మెట్లెక్కినవాడు. గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరు రాలేదంటే బయట అరుగు మీద కూర్చుని, వచ్చేదాకా కదిలేవాడు కాదు. కానీ ఒకటే జబ్బు, ఎవరికీ కాదని చెప్పలేడు. "వస్తానండి" అనే మాట ఆయన నోట్లోంచి తుమ్ములాగా వచ్చేసేది, ఆపుకోలేకపోయేవాడు.

ఇక ఆ ఊరి సంగతి. కాలువ చిట్టచివర, సముద్రం వైపు ఉంటుంది. పైనున్న ఊళ్ళన్నీ వాడుకున్నాక మిగిలిన నీళ్ళే ఆ ఊరికి. అయినా తరతరాలుగా వాళ్ళకో మంచినీళ్ళ చెరువు ఉండేది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు దాన్ని నింపుకుని, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా కాపాడుకునేవాళ్ళు. తర్వాత రొయ్యల చెరువులొచ్చాయి. వరి పండే చేలు తవ్వేసి గట్లు పోశారు, ఉప్పునీళ్ళు తోడి నింపారు. రొయ్య అమ్ముకున్నవాళ్ళు టౌన్లో మేడలు కట్టుకున్నారు. ఆ ఉప్పంతా ఊరి చెరువులోకి ఊరింది. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉండేవి, నోట్లో పోసుకుంటే తెలిసేది. పప్పు ఉడికేది కాదు. పిల్లలకు ఒళ్ళంతా దురదలు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని గట్లంట పక్క ఊరికి నడిచి వెళ్ళి, అక్కడ మాటలు పడి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు.

ఆ ఊరినుంచి మా ఇంటికి ఒకావిడ వచ్చేది. ఊరవతల పేటలో ఉంటుంది, ఊడ్పులకూ కోతలకూ వెళ్తుంది, ఆదివారం తెల్లచీర కట్టుకుని లూథరన్ చర్చికి వెళ్తుంది. నా వయసే ఉంటుంది. మా హాల్లో మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే ఆవిడ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడేది, కూర్చోమన్నా కూర్చునేది కాదు. పని అయ్యేదాకా కూర్చోననే పంతం అది, వినయం కాదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఆవిడంటే ఇష్టం.

"మా అబ్బాయికి పిల్లనివ్వట్లేదండి అమ్మగారూ" అంది ఒకరోజు.

"ఏం? కుర్రాడు బాగానే ఉంటాడుగా?"

"కుర్రోడు బాగానే ఉంటాడండి. నీళ్ళే బాలేవండి. సంబంధానికొచ్చినోళ్ళు మంచం మీద కూచుంటారు, మంచినీళ్ళిస్తాం. ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కనెట్టేస్తారు. మర్యాదగానే లేచెళ్తారండి. ఆనక కబురుండదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా కూతుర్ని నేను నీళ్ళున్న ఊరు చూసే ఇచ్చానండి. ఇంకో తల్లి మాత్రం ఈ ఊరికెందుకిత్తాదండి?"

మా ఆయన విన్నాడు. ఆయనకూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ఊరి నీళ్ళ గురించి పార్లమెంటులో అడుగుతానని అక్కడికక్కడే మాటిచ్చాడు.

పార్లమెంటులో ప్రశ్న అడగడం అంటే లేచి నోరు తెరవడం కాదు. ముందుగా రాసి పంపాలి. పంపినవాళ్ళందరి పేర్లతో చీటీలు తీస్తారు. పేరొస్తే ఆ రోజు జాబితాలో నక్షత్రం గుర్తుతో మన ప్రశ్న ఉంటుంది. స్పీకరు నంబరు పిలిచినప్పుడు సభ్యుడు తన చోట ఉండాలి. ఉంటే మంత్రి లేచి జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద సభ్యుడు గుచ్చి గుచ్చి అడగొచ్చు. ప్రతిపక్షంవాడికి మంత్రిని నిలబెట్టి అడిగే అవకాశం అదొక్కటే. లేకపోతే మంత్రిగారి కాగితం సభ ముందు పెట్టేసి తర్వాతి నంబరు పిలుస్తారు. ఎన్నోసార్లు పంపాక, ఫాల్గుణంలో, బడ్జెట్ సమావేశాలప్పుడు మా ఆయన పేరు వచ్చింది. ఢిల్లీనుంచి ఫోన్లో చెబుతుంటే చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాడు. జాబితాలో కొంచెం కిందనే ఉందన్నాడు, పదికి అటూ ఇటూ.

నేను ఆ ఊరికి కబురు పంపాను. ఆ రోజుల్లో ప్రశ్నోత్తరాల గంట టీవీలో నేరుగా చూపించేవారు, ఒక వారం ఒక సభ, మరో వారం ఇంకో సభ. ఆ వారం మా ఆయన సభ వంతు. అమ్మగారు కూడా వస్తే బాగుంటుంది, మాకు ఇంగ్లీషు అర్థం కాదు అని వాళ్ళు కబురు పెట్టారు. స్కూలుకి సెలవు పెట్టి, బస్సెక్కి, దిగి గట్టు వెంట నడిచి వెళ్ళాను.

ఊరి పాస్టరుగారింట్లో టీవీ ఉంది. నేను వెళ్ళేసరికే హాలు నిండిపోయి ఆడవాళ్ళు వరండాలోకి వచ్చేశారు. కూలికి వెళ్ళకుండా ఆగిపోయారందరూ. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. వాళ్ళ నీళ్ళు నాకివ్వడానికి మొహమాటపడి కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారు. ఆవిడ ఆ రోజు మాత్రం నా పక్కనే కింద కూర్చుంది. అది చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను.

పదకొండయింది. స్పీకరు వచ్చారు. మొదటి ప్రశ్న ఏదో గోధుమల గురించి, దానిమీద చాలాసేపు నడిచింది. ఆ తర్వాత చిత్రంగా జరిగింది. తర్వాతి నంబరు పిలిస్తే సభ్యుడు లేడు. ఆ తర్వాత నంబరు పిలిస్తే అతనూ లేడు. అలా వరసగా ఒకరి తర్వాత ఒకరు లేరు. జాబితా జారిపోతోంది. నేను లోలోపల సంబరపడ్డాను. "మనది వచ్చేస్తోంది" అన్నాను. ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు.

వచ్చింది. స్పీకరు మా ఆయన పేరు చదివారు. ఇంగ్లీషు రాకపోయినా పేరు అందరికీ తెలుస్తుంది కదా, చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. స్పీకరు తలెత్తి బెంచీల వైపు చూశారు. మళ్ళీ పేరు చదివారు. "నాట్ ప్రెజెంట్" అన్నారు. తర్వాతి నంబరు పిలిచేశారు.

అంతే. తుమ్మి తల తిప్పేంతసేపు కూడా పట్టలేదు. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. పోయినా బాగుండేది.

"లేచారాండి? మాటాడుతున్నారాండి?" అని వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు. టీవీలో ఎవరో పంచదార మిల్లుల గురించి మాట్లాడుతున్నారు. వాళ్ళు అది తమ నీళ్ళ గురించే అనుకుని శ్రద్ధగా వింటున్నారు. వాళ్ళకి నేను చెప్పాలి. తొమ్మిదో తరగతికి సివిక్స్ చెప్పే పంతులమ్మని, ఎంపీగారి భార్యని, నేనే చెప్పాలి.

"ఆయన సభలో లేరు" అన్నాను.

"ఎక్కడికెళ్ళారండి?" అంది ఆవిడ.

నాకు తెలియదు. ఒంట్లో బాగోలేదేమో, యాక్సిడెంటేమైనా అయిందేమోనని భయం కూడా వేసింది. పాస్టరుగారింట్లో ఫోనుంటే ఢిల్లీ క్వార్టరుకి చేశాను. వంటమనిషి ఎత్తాడు. సాబు నిన్న సాయంత్రమే హైదరాబాదు విమానం ఎక్కారు, ఊళ్ళో పెళ్ళి ఉందట అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే అందరూ నా మొహమే చూస్తున్నారు. అబద్ధం చెప్పాలనిపించలేదు, ఎందుకు చెప్పాలి?

"పెళ్ళికి వచ్చారట" అన్నాను.

ఒక్కొక్కళ్ళే లేచి చీరలు దులుపుకుని వెళ్ళిపోయారు. ఆవిడ నన్ను బస్సుదాకా దిగబెట్టింది. దారి పొడవునా రొయ్యల చెరువుల్లో నీళ్ళు గిలకొట్టే చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ పెళ్ళి ఎవరిదో బస్సులో ఉండగానే గుర్తొచ్చింది. శుభలేఖ మా ఫ్రిజ్ మీదే ఉంది. మా ఆయన పార్టీకి జిల్లాలో ఒక పెద్దాయన ఉండేవాడు. మీటింగులకు లారీలు పెట్టడం, వచ్చినవాళ్ళకు భోజనాలు పెట్టడం అంతా ఆయనే. ఆ ఊరి చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల్లో సగం ఆయనవే. ఆయన కూతురి పెళ్ళి, పాలకొల్లులో. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు నా ఎదురుగానే మా ఆయన చేతులు పట్టుకున్నాడు.

"బాబుగారూ, తమరు ముహూర్తం టైముకి ఉండాలండి. లేకపోతే నేను కన్యాదానం పీటల మీంచి లేచిపోతానండి, ఆయ్."

"వస్తానండి" అన్నాడు మా ఆయన. తుమ్ము.

ఆ ముహూర్తం పెట్టినప్పటికి చీటీ తీయలేదు కాబట్టి, ప్రశ్న ఆపడానికి ఆ పెద్దాయన పన్నిన కుట్ర అని అనలేను. కుట్ర అయినా బాగుండేది, నా కోపమంతా ఒక్కడి మీద పెట్టుకునేదాన్ని. అది కుట్ర కాదు, మర్యాద. మా ప్రాంతపు మర్యాద ఎంత తియ్యగా ఉంటుందో పీక మీద అంత గట్టిగా కూర్చుంటుంది.

నేను ఇల్లు చేరేసరికి మా ఆయన వచ్చి ఉన్నాడు. హైదరాబాదు దాకా విమానం, అక్కణ్ణించి నరసాపురం రైలు, పొద్దున్నే పాలకొల్లులో దిగి తిన్నగా కల్యాణ మండపానికి. పెళ్ళివారిచ్చిన తాంబూలం సంచి టీపాయ్ మీద ఉంది. జుట్టులో ఇంకా పసుపు బియ్యం గింజలున్నాయి. సంచిలోంచి పూతరేకుల పొట్లం తీసి నా వైపు చాచాడు.

"మీ పేరు పిలిచారు" అన్నాను.

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "పిలిచారా? అంత కిందున్నది వచ్చిందా? ఎప్పుడూ రాదే!"

"ముందున్నవాళ్ళూ పెళ్ళిళ్ళకే పోయినట్టున్నారు. గబగబా వచ్చేసింది."

కూర్చుండిపోయాడు. వెంటనే ఆయనలో ప్లీడరు లేచాడు. ప్రతిపక్షంవాడు అడిగితే మంత్రి నిజంగా నీళ్ళిస్తాడా అన్నాడు. ఆ పెద్దాయన్ని కాదంటే పార్టీ నడిచేదెలా అన్నాడు. జనం మనల్ని చూసేది పెళ్ళిళ్ళలోనే, ఢిల్లీలో ఏం చేస్తున్నామో ఎవడు చూస్తున్నాడు అన్నాడు.

"నేను చూశాను. ఊరంతా చూసింది" అన్నాను. నా గొంతు వీధిలోకి వినబడి ఉంటుంది, వినబడనీ. "ఎవరి చెరువుల మూలంగా నీళ్ళు పాడయ్యాయో వాడి ఇంట్లో పప్పన్నం తినడానికి వచ్చారు మీరు. వాళ్ళు కూలి మానుకుని మీకోసం కూర్చున్నారు. మీ పేరు వినగానే చప్పట్లు కొట్టారు. నాకు కొబ్బరిబొండం ఇచ్చారు, తెలుసా? వాళ్ళ నీళ్ళు ఇవ్వడానికి సిగ్గుపడి!"

ఆ రోజు ఇంట్లో ఎవరం భోజనం చేయలేదు. పూతరేకులు చీమలు తిన్నాయి.

ఇంత జరిగితే జనం ఏమన్నారో తెలుసా? మెచ్చుకున్నారు. పెళ్ళి మండపంలో ఆ పెద్దాయన మైకు పుచ్చుకుని "మన ఎంపీగారు పార్లమెంటు మానుకుని మా అమ్మాయిని దీవించడానికి వచ్చారండి" అని ప్రకటించాడట. అందరూ చప్పట్లు కొట్టారట. నెలల తరబడి నాకు ఎదురైనవాళ్ళు అదే చెప్పారు. కూరల బజారులో, బ్యాంకులో, మా స్టాఫు రూములో కూడా. "ఎంత మంచి మనిషండి మీవారు, పార్లమెంటు మానుకుని మరీ వచ్చారు." సివిక్స్ చెప్పే మా తోటి మాస్టారే అంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. జీతమిచ్చి పనికి పంపినవాడు పని ఎగ్గొట్టి ఇంటికి భోజనానికొస్తే మురిసిపోయే యజమానులు లోకంలో ఇంకెక్కడైనా ఉంటారా?

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా ఆయన లేకపోయినా మంత్రిగారి జవాబు సభ ముందు పెట్టారు కదా. ఆ ప్రాంతంలో మంచినీరు కలుషితమైనట్టు రాష్ట్ర ప్రభుత్వంనుంచి సమాచారమేదీ లేదని అందులో ఉంది. మా ఆయన అక్కడుంటే లేచి, ఎవరిని పంపి చూశారు, ఏ చెరువు నీళ్ళు పరీక్ష చేశారు అని అడిగేవాడు. ఎవరూ అడగలేదు కాబట్టి అదే నిలిచిపోయింది. వేసవిలో నీళ్ళ ట్యాంకరు కావాలని ఆ ఊరివాళ్ళు సబ్ కలెక్టరు ఆఫీసుకి వెళితే, చెరువుల యజమానుల తరఫు ప్లీడరు ఆ జవాబు కాపీ తీసి బల్ల మీద పెట్టాడు. "సాక్షాత్తూ పార్లమెంటులోనే చెప్పారండి. మీ ఎంపీగారు కూడా మారు మాట్లాడలేదు." వాళ్ళకోసం వేసిన ప్రశ్న వాళ్ళ మీదకే కర్రయి కూర్చుంది. ఈ సంగతి విన్నరోజు మా ఆయన కోర్టు కోటు వేసుకుని కూడా బయటికి వెళ్ళకుండా వాకిట్లోనే నిలబడిపోయాడు. నాకు జాలేసింది, కానీ కోపం తగ్గలేదు.

ఆవిడ మా ఇంటికి రావడం మానేసింది. గుమ్మం పక్కన ఆవిడ ఆనుకునే గోడ దగ్గర తలనూనె మరక మాత్రం ఉండేది. దసరాకి సున్నం వేయిస్తూ అక్కడ వద్దన్నాను.

మా ఆయన మాత్రం ఆ తర్వాత సమావేశాలు జరిగినప్పుడల్లా ప్రతి వారం ఆ ప్రశ్న రాసి పంపుతూనే ఉన్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. శీతాకాలం సమావేశాల్లో పేరు మళ్ళీ వచ్చింది, ఈసారి జాబితాలో పైనే. నేను పాస్టరుగారికి ఫోను చేసి చెప్పాను. నమ్మమని మాత్రం చెప్పలేదు.

ఆ వారాంతంలో మా ఆయన ఇంట్లో ఉండగా ఆవిడ వచ్చింది. చేతిలో శుభలేఖ. మీద సిలువ బొమ్మ, రెండు పావురాలు. కొడుక్కి పిల్ల దొరికింది. హాల్లో ఉన్నవాళ్ళు దారిచ్చారు. మా ఆయన కుర్చీలోంచి లేచాడు.

"చాలా సంతోషమమ్మా. తప్పకుండా వస్తా—"

"వద్దండి" అంది ఆవిడ.

మా జిల్లాల్లో శుభలేఖ చేతిలో పెట్టి రావద్దని చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా నేను వినలేదు.

"అమ్మగారు రావాలండి. తమరు రావద్దండి" అంది నెమ్మదిగా. "తమరు అక్కడ అడిగే రోజేనండి పెళ్ళి. మాకు ముహూర్తాలేం లేవు కదండి, ఆ రోజే పెట్టమని పాస్టరుగారిని నేనే అడిగాను. నీళ్ళొత్తాయని ఒట్టేసి తెచ్చుకుంటున్నానండి ఆ పిల్లని. ఆళ్ళమ్మ నమ్మట్లేదు. టీవీలో తమర్ని చూపిత్తానన్నాను."

మా ఆయన ఆ శుభలేఖ రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ రోజు మాత్రం తుమ్ము ఆగింది.

పెళ్ళికి నేను వెళ్ళాను. అదే హాలు, అదే టీవీ. ఈసారి ముందు వరసలో పెళ్ళికూతురి తల్లి, ఆవిడ పక్కన నేను. పెళ్ళికూతురు తెల్లచీరలో, చేతిలో పువ్వులతో గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. చర్చి గంట కొట్టడానికి ఇంకా టైముంది. పదకొండయింది.

స్పీకరు ఇంకా కూర్చోలేదు, గోల మొదలైంది. అట్టలు పట్టుకుని, కేకలు వేస్తూ ఒక గుంపు బెంచీలు దిగి సభ మధ్యలోకి వచ్చేసింది. ఎవరా అని చూస్తే మా ఆయన పార్టీవాళ్ళే. ఏదో కుంభకోణం, మంత్రి ఎవరో రాజీనామా చేయాలట. పార్టీ ఆజ్ఞ. కెమెరా ఒకసారి బెంచీల వైపు తిరిగింది. ఖాళీ అయిన వరసల మధ్యలో మా ఆయన ఒక్కడే తన చోట నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితంతో. కిందనుంచి ఎవరో రమ్మని చెయ్యి ఊపుతున్నారు. కదలలేదు.

"అడుగో! అయ్యగారు!" అని ఆవిడ వియ్యపురాలికి చూపించింది.

సభ వాయిదా పడింది. టీవీలో పూలబొమ్మ వేసి వీణ వాయించారు.

నాకు వచ్చిన కోపం ఎవరిమీదని చెప్పను? మొదటిసారి ఈయన లేనందువల్ల ప్రశ్న పోయింది. ఇప్పుడు ఈయన ఉన్నా, ఈయన పార్టీవాళ్ళే పోగొట్టారు. వీళ్ళ ప్రశ్నని అధికార పక్షం తొక్కేసినా అర్థముంది. జనం తరఫున అరుస్తున్నామని చెప్పుకునేవాళ్ళు ఆ అరుపుతోనే జనం నోరు నొక్కేశారు. వాళ్ళలో సగం మందికి తమ నియోజకవర్గంలో మంచినీళ్ళ చెరువు ఎక్కడుందో తెలిసి ఉండదు. ఆ అట్టలు రాయించడానికి పెట్టిన శ్రద్ధ ఒక్కసారి కూర్చుని వినడానికి పెట్టలేకపోయారు. ఇదంతా నేను పైకే అన్నాను, పెళ్ళివారి ముందే.

"ఏమైందండి?" అంది పెళ్ళికూతురి తల్లి.

"మనవాళ్ళే సభ జరగనివ్వలేదు" అన్నాను. "ఇవాళ అడగరు."

ఆ తల్లి తన కూతురి వైపు చూసింది. పెళ్ళికూతురు తల దించుకుని పువ్వుల రేకులు సర్దుకుంటోంది. వరండాలో పెద్ద స్టీలు డ్రమ్ములో నీళ్ళున్నాయి, భోజనాలకి పక్క ఊరినుంచి తెచ్చినవి.

అప్పుడే పాస్టరుగారి ఫోను మోగింది. మా ఆయనే. టీవీలో చూశారా అని అడిగాడు. చూశామన్నాను. మళ్ళీ పన్నెండింటికి కూడినా ప్రశ్నల గంట అయిపోతుంది కాబట్టి లాభం లేదన్నాడు. రేపు ప్రశ్నల గంట అయ్యాక లేచి నీళ్ళ సంగతి ఎత్తడానికి స్పీకరుని అనుమతి అడగొచ్చు, కానీ ఇస్తారన్న నమ్మకం లేదన్నాడు. తర్వాత నేను భయపడుతున్న మాటే అన్నాడు.

"పోనీ, సాయంత్రం విమానానికి బయల్దేరి వచ్చేస్తాను. కనీసం పిల్లల్ని దీవించి వెళ్తాను."

నాకు నెత్తిమీద నిప్పు పోసినట్టయింది. అరవడానికి నోరు తెరిచాను. ఈలోపు నా పక్కన నిలబడి వింటున్న పెళ్ళికొడుకు తల్లి చెయ్యి చాచింది. ఫోను ఇచ్చేశాను.

"అయ్యగారూ, చూశామండి తమర్ని" అంది. "పెళ్ళి మేం చేసుకుంటామండి. తమరు రేపు కూడా అక్కడే ఉండండి."